టింక్చర్ మేస్త్రి

వానలు వెనకబట్టాక మా వీధి మురికికాలువ పొడవునా పంచాయతీ మనిషి సాయవ్వ బ్లీచింగ్ పౌడర్ చల్లుతూ పోతుంది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతుండగా ఆ వాసన ముక్కుకు తగిలిందంటే నా చాయ్ పాడైపోయినట్టే. కళ్లు మూసుకుంటే నేను నిజామాబాద్ జిల్లాలోని మా పల్లెలో ఉండను. మస్కట్ ఊరి బయట, ఒక్క గడ్డిపోచ మొలవని రాళ్లగుట్టల నడుమ, రేకుల గదుల క్యాంపులో ఉంటాను. ఎదురుగా సిమెంటు బస్తాల స్టోరు. దాని గడప మీద కట్టలా పోసిన తెల్లపొడి. లోపల, చీకట్లో, ఒక మనిషి పళ్లు టకటక కొట్టుకుంటున్న చప్పుడు. నేను చాయ్ పారబోసి ఇంట్లోకి పోతాను. మా ఇంటిది మాత్రం చాయ్‌లో చక్కెర తక్కువైందనుకుని కోడల్ని తిడుతుంది.

ఆ క్యాంపులో నేను ఉప మేస్త్రిగా ఉండేవాణ్ణి. మనవళ్లకు అలాగే చెప్పాను. నా కింద డెబ్బై మంది పనిచేసేవారనీ, అల్ ఖువైర్‌లోని సర్కారు ఆఫీసుల్లో సగం నేను నిలబెట్టినవేననీ కూడా చెప్పాను. మీరు పెద్దవాళ్లు కాబట్టి నిజం చెప్తున్నాను. నేను స్టీల్ గ్యాంగులో హెల్పర్ని. ఇనుప కడ్డీలు భుజాన మోసుకెళ్లి పైన పడేయడం నా పని. వాటిని పరిచి, తీగతో బిగించి, స్లాబ్‌కు ఎముకల గూడు కట్టే పని ఫిట్టర్లది. ఆ ఫిట్టర్లందరికీ మేస్త్రి గంగారాం. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుంచుకునే ఆకారం కాదు. పొట్టిమనిషి, పెద్ద చెవులు, చొక్కా జేబు చుట్టూ ఎప్పుడూ ఆరని గోధుమరంగు మరక. ఆ జేబులో టింక్చర్ సీసా ఉండేది. అందుకే క్యాంపంతా ఆయన్ను టింక్చర్ మేస్త్రి అని పిలిచేది. ఆయన లేనప్పుడు అనుకునేరు, ముఖం మీదే.

పొద్దున బస్సు సైట్ దగ్గర ఆగగానే, పైకి ఎక్కకముందే, ఆయన మమ్మల్ని వరసలో నిలబెట్టేవాడు. "చెయ్యి సూపియ్" అనేవాడు. ఒక్కొక్కరి అరచేతినీ తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి, బొటనవేలితో నొక్కి చూసేవాడు. కడ్డీ గీరుకున్నా, తీగ గుచ్చుకున్నా టింక్చర్ పడేది. మేం కెవ్వుమంటే ఆయనకు తృప్తి. చెయ్యి వేడిగా ఉంటే, "నీకు జరమున్నది, ఇయ్యాల కిందనే ఉండు" అని పక్కకు నెట్టేవాడు. ఇంజనీర్లు నవ్వేవారు. మిగతా గ్యాంగులు ఎప్పుడో పైకెక్కి పని మొదలుపెట్టేవి. మేం మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లల్లా చేతులు చాపి నిలబడేవాళ్లం. ఆయన తమ్ముడు ఊళ్లో కాలికి మేకు గుచ్చుకుని ధనుర్వాతంతో పోయాడట. "విల్లు లెక్క వంగిపోయిండు రా. నేను కాళ్లు పట్టుకున్న, మా నాయిన తల పట్టుకున్నడు. అయినా వంగిండు" అని ఒక్కసారే చెప్పాడు. ఆ తర్వాత చావంటే ఆయనకు ఎంత భయమంటే, క్రేన్ నీడ పడితే పక్కకు దూకేవాడు. లిఫ్ట్ ఎక్కడు. ఎవరైనా తుమ్మితే ఆ రోజంతా వాడి వెనక నడవడు. నేను ఎగతాళి చేస్తే సిగ్గుపడేవాడు కాదు. "నాకు మస్తు భయం రా, నర్సిగా. దాసుకునుడెందుకు?" అనేవాడు.

ఎనభైల చివర్లో, నేను అక్కడికి చేరిన మొదటి ఏడు, దసరా నాడు మాకు డ్యూటీ పడింది. సాయంత్రం బస్సు దిగి ఎవరి మంచం మీద వాళ్లం ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నాం. పండగనాడు జమ్మాకు చేతిలో పెట్టి, "బంగారం తీస్కో" అని గుండెకు హత్తుకునే మనిషి లేకపోతే మావైపు వాళ్లకు ఆ ఏడు అసలు పండగ వచ్చినట్టే ఉండదు. అప్పుడు గంగారాం నన్ను వెంటబెట్టుకుని క్యాంపు వెనకున్న ఎండువాగులోకి నడిచాడు. అక్కడ ఒక చెట్టు కింద ముసలి ఒమానీ ఒకాయన మేకలు కాస్తున్నాడు. వాళ్లు ఆ చెట్టును ఘాఫ్ అంటారు. గంగారాం ఒక రెబ్బ తుంచి, ముల్లు చూసి, ఆకు నలిపి వాసన పీల్చి, గట్టిగా అరిచాడు. "జమ్మి రా ఇది! అరబ్బోళ్ల వాగుల సుత జమ్మే!" అంటూ ఆ ముసలాయన్ను వాటేసుకున్నాడు. ఆయన మొదట బెదిరిపోయి, తర్వాత ఏమనుకున్నాడో ఏమో, ఆయనా గట్టిగా వాటేసుకుని వీపు తట్టాడు. చేతిలోని ఆకులు మేక తినేసింది. మళ్లీ తుంచుకున్నాం.

అప్పట్నుంచి ప్రతి దసరాకూ క్యాంపులో జమ్మి పంపకం గంగారాందే. మనవాళ్లకే కాదు, అందరికీ ఇచ్చేవాడు. టైల్స్ వేసే పాకిస్తానీ మేస్త్రి యాకూబ్ అని ఒకాయన ఉండేవాడు, తలుపంత మనిషి. గంగారాం "సోనా లో భాయ్" అని ఆకు ఇస్తే, అతను ఆకు టోపీలో పెట్టుకుని, ఈయన్ను సిమెంటు బస్తాలా పైకెత్తి గిరగిరా తిప్పి దింపేవాడు. కిందికి దిగాక గంగారాం తన పక్కటెముకలు తడిమి చూసుకునేవాడు.

తొంభైల నడుమ, దసరాకు కొన్ని వారాల ముందు, మెస్‌లోని టీవీలో సూరత్ కనిపించింది. ముక్కులకు గుడ్డలు కట్టుకుని రైలుపెట్టెల మీదికి ఎగబడుతున్న జనం. ప్లేగు అన్నారు. ఎలుకలన్నారు. మూడోనాటికల్లా ఇండియా నుంచి వచ్చే విమానాలు ఆపేశారు. ఉత్తరాలు రాలేదు. హమ్రియా బజారులో టాక్సీ ఆపితే, డ్రైవర్ అద్దం రెండు వేళ్లంత దించి "హిందీ?", అంటే ఇండియావాడివా అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయేవాడు. అల్ ఖువైర్‌లో మా బస్సు ఆగితే, ఆఫీసులకు పోయే కార్లవాళ్లు తలగుడ్డ కొసతో ముక్కు మూసుకునేవారు. ప్లేగు కన్నా ముందు మా క్యాంపులోకి రాజకీయం వచ్చింది. మా రూమ్‌లో ఒకడు అసలు ప్లేగే లేదు, అంతా పక్కదేశం కుట్ర అన్నాడు. ఆ మాట రేకుల గోడ దాటి యాకూబ్ రూమ్‌కు చేరింది. మర్నాడు మెస్‌లో అతను ప్లేటు ఎత్తుకుని దూరంగా జరుగుతూ, "క్యోం భాయ్, చూహా సాథ్ లాయే హో?" అన్నాడు. ఎలుకను వెంట తెచ్చుకున్నారా అని. అతని వెనక అందరూ నవ్వారు. మావాడొకడు గరిటె విసిరాడు. ఆ సాయంత్రం క్యాంప్ బాస్ వర్గీస్ మెస్ నడుమ సున్నంతో గీత గీయించాడు. ఈ పక్క ఇండియా, ఆ పక్క మిగతా ప్రపంచం. వర్గీస్ కూడా ఇండియావాడే కదా అంటే, "సూరత్‌కీ మా కేరళకూ ఎంత దూరమో తెలుసా?" అన్నాడు. తన ప్లేటు మాత్రం ఆఫీసు గదిలోకి తెప్పించుకున్నాడు.

ఆ గీతను అందరికన్నా భక్తిగా పాటించింది గంగారాం. పొద్దున వరసలో నిలబెట్టేవాడు కానీ, నాలుగడుగుల దూరం నుంచే, "ఆడికెల్లే సూపియ్" అనేవాడు. మేం చేతులు చాపేవాళ్లం. ఆయన మెడ సాచి చూసేవాడు. గీతలు, గాయాలు కనిపించేవి. వేడి కనిపించదు కదా.

అందుకే రాజేశం జ్వరం ఆయనకు తెలియలేదు. రాజేశం సిరిసిల్ల వైపు నేతపనివాడు. ఏళ్ల తరబడి సూరత్ మగ్గాల మీద పనిచేసి, ఆ రొద పడక, అప్పుసప్పు చేసి వీసా కొనుక్కుని, విమానాలు ఆగిపోవడానికి కొద్దిగా ముందే మా గ్యాంగులో హెల్పర్‌గా దిగాడు. మావైపు ఇంటికో రాజేశం ఉంటాడు. క్యాంపులో కూడా నలుగురైదుగురు ఉండేవారు. వేరుగా తెలియాలని ఒకడు ఆర్మూర్ రాజేశం, ఒకడు బట్టతల రాజేశం. ఇతను దిగిన రోజునే సూరత్ సినిమాహాళ్ల గొప్పలు చెప్పాడు కాబట్టి సూరత్ రాజేశం అయ్యాడు. టీవీలో వార్త వచ్చాక ఆ పేరు వదిలించుకోవాలని పాపం చాలా పాట్లు పడ్డాడు. "అన్నా, నన్ను సిరిసిల్ల రాజేశమను. నీకు పుణ్యముంటది" అని ఒక్కొక్కరినీ బతిమాలాడు. ఎవరైనా మర్చిపోదామన్నా, పేరు నోటికి అలవాటైపోయింది.

అతను జ్వరం దాచుకుని డ్యూటీకి వచ్చాడు. చెప్తే ఏమవుతుందో అతనికి తెలుసు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, మండే ఎండలో, కడ్డీ భుజాన ఉండగానే వణుకు పట్టింది. కడ్డీ పడింది, తర్వాత అతను పడ్డాడు. చుట్టూ ఉన్న మేమంతా నీళ్లలో రాయి పడితే అలలు జరిగినట్టు గుండ్రంగా వెనక్కి జరిగాం. వర్గీస్ వచ్చి, అతన్నే లేచి నడిచి బస్సెక్కమని, క్యాంపులో సిమెంటు స్టోరు ఖాళీ మూలలో పడుకోబెట్టాడు. గడప మీద బ్లీచింగ్ పౌడర్ కట్టలా పోయించాడు. "హాస్పిటల్‌కు ఫోన్ చేస్తే క్యాంప్ మూసేస్తారు. మీ అందరినీ ఇంటికి పంపిస్తారు. కావాలా? రెండు రోజులు చూద్దాం" అన్నాడు. కావాలని మాలో ఎవరూ అనలేదు. అందరి ఇళ్లలోనూ అప్పులున్నాయి.

అతనికి అన్నం పెట్టే పని నాకు పడింది. నేను లోపలికి వెళ్లి, తల ఒళ్లో పెట్టుకుని, ముద్దలు కలిపి తినిపించానని మా ఆవిడకు ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం చదివి ఆవిడ ఏడ్చింది కూడా. నిజం ఏమిటంటే, స్టీల్ గ్యాంగులో కడ్డీలకు కొదవ లేదు కనుక, ఒక పొడుగాటి కడ్డీ కొస వంచి, దానితో ప్లేటు లోపలికి నెట్టి, దానితోనే బయటికి లాగేవాణ్ణి. లోపలి నుంచి మొదటిరోజు, "నర్సన్నా, గా పప్పుల ఉప్పేడున్నదే?" అని వినిపించింది. రెండోరోజు ప్లేటు వెళ్లినట్టే తిరిగి వచ్చింది. మూడోరోజు, "అన్నా, మేస్త్రిని జెర నా చెయ్యి సూడుమనవా?" అన్నాడు. "ఏముంటదిరా సూసేతందుకు?" అన్నాను. "ఏం లేదు. అందరివి సూస్తడు గదా" అన్నాడు.

ఆ మాట వెళ్లి గంగారాంతో చెప్పాను. ఆయన కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటున్నాడు. విన్నాడు. సబ్బు మళ్లీ రుద్దుకున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. నీళ్లు కట్టేయకుండానే రూమ్‌లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు దసరా, శుక్రవారం, సెలవు. ఆ మరుసటి రోజు సైట్‌లో పెద్ద స్లాబ్ పోయాలి. మధ్యాహ్నం నమాజు అయ్యాక గంగారాం ఒంటరిగా వాగులోకి పోయి జమ్మికొమ్మ తెచ్చాడు. ఆర్మూర్ రాజేశం చూసి, "మేస్త్రీ, ఈసారి బంగారం వద్దులే, వచ్చే యేడు సూస్కుందం" అన్నాడు. గంగారాం సూటిగా స్టోరుకు నడిచాడు. గడప దగ్గర ఆగాడు. మేమంతా దూరం నుంచి చూస్తున్నాం. జేబులోంచి టింక్చర్ సీసా తీసి, మూత తిప్పి, మళ్లీ మూత పెట్టేశాడు. ఒక్క గెంతు గెంతి లోపల పడ్డాడు.

లోపల జరిగింది కౌగిలి అని చెప్తే మీరు మరోలా ఊహించుకుంటారు. అది కోడిని పట్టుకోవడం. రాజేశం బస్తాల చుట్టూ పరిగెత్తుతున్నాడు. అంత జ్వరంలో ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! "వద్దు మేస్త్రీ! నీ కాళ్లు మొక్కుత, దూరముండు! నీకంటుకుంటది!" అని అరుస్తున్నాడు. వెనక గంగారాం, "ఆగురా, లఫంగీ! నాకు మస్తు భయమైతున్నది, జల్ది పట్టుకోనియ్!" అని అంతకన్నా గట్టిగా అరుస్తున్నాడు. ఇద్దరూ బస్తాల మీద పడ్డారు. సిమెంటు దుమ్ము లేచి ఏమీ కనిపించలేదు. దుమ్ము తగ్గాక చూస్తే, గంగారాం అతన్ని రెండు చేతులా బిగించి పట్టుకుని ఉన్నాడు. రాజేశం పెనుగులాట మానేసి, చిన్నగా, కుక్కపిల్ల మూలిగినట్టు ఏడుస్తున్నాడు. తర్వాత గంగారాం అతని అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి, బొటనవేలితో నొక్కి చూశాడు. "నిప్పు లెక్కున్నది" అన్నాడు.

తల నుంచి కాళ్ల దాకా తెల్లగా, బయటికి వచ్చాడు. చేతిలో జమ్మాకులు ఇంకా ఉన్నాయి. "బంగారం తీస్కోండ్రి" అంటూ మా వైపు నడిచాడు. అందరూ వెనక్కి తగ్గారు. నేనొక్కణ్ణే తగ్గలేదు. ఎదురు నిలిచి, ఆకు తీసుకుని, ఆయన్ను గుండెకు హత్తుకున్నాను. ఈ సంగతి ఎన్ని పెళ్లిళ్లలో చెప్పానో, ఎంతమంది నన్ను మెచ్చుకున్నారో లెక్క లేదు. నా వెనక నీళ్ల ట్యాంకు ఉందన్న ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. తగ్గడానికి చోటు ఉంటే తగ్గేవాణ్ణే. ఆయన నన్ను హత్తుకున్నప్పుడు ఆయన గుండె నా ఛాతీకి తగిలింది. నాది ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆయనదీ అంతే. సిమెంటు, టింక్చర్, బ్లీచింగ్ కలిసిన వాసన. ఇప్పటికీ అదే.

ఆ తర్వాత ఆయన మెస్‌లో సున్నం గీత దగ్గరికి వెళ్లి ఆకు చాపాడు. "యాకూబ్ భాయ్, సోనా." యాకూబ్ ఆవలిపక్క నిలబడి ఉన్నాడు. ఒక అడుగు వేశాడు. గీత చూశాడు, వెనక ఉన్న తనవాళ్లను చూశాడు. "అగ్లే సాల్, మేస్త్రి" అన్నాడు, తల దించుకుని. వచ్చే ఏడు అని. గంగారాం తలూపి, ఆఫీసు గది వైపు తిరిగి కేకేశాడు. "వర్గీస్ సాబ్! ఇగ నాకు సుత అంటుకున్నది. రేపు స్లాబ్‌కు స్టీల్ ఎవలు చూస్తరో చూస్కోండ్రి!" ఒక కొత్త హెల్పర్ స్టోరులో పడి ఉంటే పని ఆగదు. మేస్త్రి పడితే స్లాబ్ ఆగుతుంది. అరగంటలో అంబులెన్స్ వచ్చింది.

ఇదంతా ఆయన ముందే వేసిన ఎత్తు అని నేను చాలాకాలం చెప్పాను. అలా చెప్తే కథ బాగుంటుంది. నిజంగా ఎత్తో కాదో ఆయన ఎప్పుడూ అనలేదు. ఆయన్ను హత్తుకున్నాను కాబట్టి నన్నూ కలిపి, అంబులెన్స్‌లో మా ముగ్గురినీ ఎక్కించారు. దారంతా ఆయన కళ్లు మూసుకుని, తమ్ముడి పేరు తలుస్తూ కూర్చున్నాడు. రాజేశం చెయ్యి మాత్రం వదల్లేదు.

హాస్పిటల్‌లో రక్తం తీసుకున్నారు. మమ్మల్ని ఒక గదిలో పెట్టి తాళం వేశారు. రెండోరోజు తెనాలి వైపు నర్సమ్మ ఒకావిడ ముక్కుగుడ్డ విప్పుకుంటూ వచ్చింది. "మలేరియా అండీ. మామూలు మలేరియా. ఇన్నాళ్లూ ఎందుకు దాచారండీ? ఇంకొక్క పూట ఆగుంటే మనిషి దక్కేవాడు కాదు" అంది. రాజేశం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి నేను గంగారాంను అడిగాను. "మేస్త్రీ, ఇగ భయం పోయిందా?"

"యాడికి పోతది రా" అన్నాడు. "నిన్నటి దాక ఒక్కణ్ణే భయపడ్డ. గా స్టోర్ల వాడు, నేను కలిసి భయపడ్డం. గంతే ఫరక్."

రోగం మలేరియా అని తేలినా, గీతలు అంత తొందరగా చెరిగిపోవు. విమానాలు మొదలవగానే రాజేశం వీసా రద్దు చేసి, అప్పులతో సహా ఇంటికి పంపించేశారు. గంగారాంను మేస్త్రి పని నుంచి తీసేసి మామూలు ఫిట్టర్‌ను చేశారు. కొత్త మేస్త్రి చేతులు చూసేవాడు కాదు. ఏడాది తిరగకుండానే ఆయన పెట్టె సర్దుకున్నాడు. ఆ ఏడు దసరాకు యాకూబ్ తనంతట తానే వాగులోని చెట్టు దగ్గరికి వచ్చి, "గంగారాం కహాఁ హై? మైనే అగ్లే సాల్ బోలా థా" అన్నాడు. వెళ్లిపోయాడని చెప్పాను. నేనే ఆకు ఇచ్చాను. తీసుకున్నాడు. నన్ను పైకెత్తలేదు.

గంగారాం పోయినప్పుడు నేను పక్కనే ఉన్నానని, ఆయన చివరి మాట నాతోనే అన్నాడని మా ఊళ్లో అనుకుంటారు. అనుకునేలా నేనే చెప్పాను. నిజానికి అప్పుడు నేను ఒమాన్‌లో డ్యూటీలో ఉన్నాను. లీవులో వచ్చాక, ఆర్మూర్ అవతల వాళ్ల ఊరికి వెళ్తే తెలిసింది. ఇంటికొచ్చాక ఆయనకు సుగర్ ముదిరి మనిషి కట్టెపుల్లలా అయ్యాడట. అవి బొంబాయి నుంచి, గల్ఫ్ నుంచి వచ్చి చిక్కిపోయిన ప్రతివాడికీ ఎయిడ్స్ అని చెవులు కొరుక్కునే రోజులు. ఊళ్లో కూడా అదే అన్నారు. మంగలి రానన్నాడు. అన్నదమ్ముల పిల్లలు వాకిట్లోనే నిలబడి మాట్లాడి పోయారు. ఆయన భార్య నాకు నీళ్లచెంబు ఇచ్చి, నేను అందుకుంటానో లేదోనని చూసింది. అందుకున్నాను.

"ఊరోళ్లెవలు గడప దొక్కలె, అన్నా" అంది. "సిరిసిల్ల దిక్కుకెల్లి ఒక మగ్గమాయన వచ్చిండు. పేరు సుత అడుగలె నేను. పానం పోయేదాక ఈడనే ఉన్నడు. చెయ్యి ఇడువలె. నేనన్న పట్టుకుంటనంటే సుత ఇయ్యలె."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని నా చేతులు చూసుకున్నాను. ఎవరూ అడగకుండా నేనే చాపి చూసుకున్నాను.

ఇవాళ పొద్దున సాయవ్వ పొడి చల్లుతూ మా అరుగు దాకా వచ్చింది. చేతికి తొడుగులు లేవు. పంచాయతీ ఇవ్వలేదట. వేళ్ల సందులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "చెయ్యి సూపియ్ బిడ్డా" అన్నాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసి నవ్వింది.

"ఏంది తాతా, జాతకం చెప్తవా?"

"చెప్త. మస్కట్‌ల పెద్ద పెద్ద షేకులకు చెప్పినోణ్ణి. రా."

కొంగుకు తుడుచుకుని చాపింది. రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి, బొటనవేలితో నొక్కి చూశాను. నూరేళ్లు బతుకుతావని చెప్పాను. లోపలి నుంచి టింక్చర్ తెచ్చి పూస్తే కెవ్వుమంది. నాకు జాతకం చూడటం రాదు. వేడి ఉందో లేదో మాత్రం తెలుస్తుంది.